వెనక కట్టిన పడవ

పట్టుబడిన పడవలో ఎవరో ఒకరు ఉండక తప్పదు. ఇంజను చచ్చిన పడవని ఓడ వెనక కట్టి లాగేటప్పుడు చుక్కాని పట్టే మనిషి లేకపోతే, అది పలుపు కొత్తగా వేసిన గిత్తలాగా అటూ ఇటూ గుంజుకుని తనని తనే ముంచుకుంటుంది. ఈ సంగతి గస్తీ ఓడ మీద అందరికీ తెలిసిందే. ఆ మనిషిని ఎంచవలసిన పని మాత్రం సరంగుది. డెక్కు మీది తాళ్ళూ, గొలుసులూ, రబ్బరు పడవలూ, వాటి దగ్గర పనిచేసే కుర్రాళ్ళూ అతని కింద ఉంటారు.

ఆ పడవ హద్దు దాటి వచ్చి వలలు వేస్తుంటే తెల్లవారుతూనే చుట్టుముట్టారు. పారిపోదామని పడవవాళ్ళు ఇంజనుని మరీ పరుగెత్తించారు. అది పొగ కక్కి ఆగిపోయింది. సరంగు రబ్బరు పడవలో వెళ్ళి వాళ్ళ పడవ ఎక్కేసరికి నలుగురు వలల గుట్ట మీద చేతులు తలల మీద పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ పెద్దాయన ఒక్కడే నిలబడి, ఎవరో చుట్టాలు చెప్పకుండా వచ్చినట్టు, ఇబ్బందిగా చూస్తున్నాడు. మాట ఒకటే, యాస కొంచెం వేరు. నీళ్ళ మీద కనపడని గీతకి వీళ్ళు అవతలివాళ్ళు, అంతే.

పడవలో ఎవరుంటారని సరంగు అడిగాడు. పడవ తనది కాబట్టి తనే ఉంటానన్నాడు పెద్దాయన. సరంగు అతని కుడి మణికట్టు వైపు చూశాడు. ఇంజను తిప్పబోయి చెయ్యి దెబ్బ తిన్నట్టుంది, వాచి నీలంగా ఉంది.

"ఆ చెయ్యితో దారంతా చుక్కాని పట్టలేవు పెద్దాయనా. కుర్రాళ్ళలో ఎవరినైనా ఉంచు," అన్నాడు.

పెద్దాయన ఏమీ అనకముందే వలల మీంచి ఒక పొడుగాటి మనిషి లేచి నిలబడ్డాడు. పాతికేళ్ళు దాటి ఉంటాయి. పెద్దాయనకి అల్లుడట.

"నేనుంటాలే మామా. మీరు పెద్ద ఓడెక్కి షికారు చెయ్యండి," అన్నాడు.

సరంగు అతనికి లైఫ్ జాకెట్టు తొడిగి పట్టీలు తనే బిగించాడు. వాకీటాకీ చేతికిచ్చి ఎక్కడ నొక్కి మాట్లాడాలో చూపించాడు. లాగడం ఎక్కువైందనిపిస్తే వెంటనే చెప్పమన్నాడు, తను ఆపిస్తానన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే ఆపించగలననుకున్నాడు.

పెద్దాయననీ మిగతా ముగ్గురినీ ఓడ మీదికి తెచ్చి, వెనక డెక్కు పక్కనున్న సామాన్ల గదిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టారు. పట్టుకున్నవాళ్ళని డెక్కు మీద తిరగనివ్వకూడదని నియమం. ఆ గదికి కిటికీ లేదు. గాలి రావడానికి పైన ఒక గొట్టం మాత్రం ఉంది. సరంగు వాళ్ళకి రొట్టే టీ పంపించి, ఇనుప దిమ్మెకి చుట్టిన, పడవని లాగే మోకు పక్కన వచ్చి కూర్చున్నాడు. మోకు ఓడ అంచుకి ఒరుసుకునే చోట కాన్వాసు గుడ్డ చుట్టి గ్రీజు పూశాడు. అప్పుడప్పుడు దాని మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. మోకు మీద ఎంత బరువు పడుతోందో కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది.

మధ్యాహ్నం దాకా ప్రయాణం సాఫీగానే సాగింది. వెనక పడవ పెంపుడు కుక్కలా బుద్ధిగా వస్తోంది. అల్లుడు వాకీటాకీలో ఊరికే ఉండలేకపోయాడు. మీ ఓడ ముందు నడుస్తుంటే మా మామకి డీజిలు ఆదా అన్నాడు. ఈ పెట్టె తనకి ఇచ్చెయ్యమనీ, వంటింట్లోంచి భార్య కేకేస్తే వినపడలేదని రోజూ తిట్లు తింటున్నాననీ అన్నాడు. సరంగు నవ్వాడు. వాకీటాకీ ఆటవస్తువు కాదని మందలించి, మందలిస్తూ మళ్ళీ నవ్వాడు.

భోజనాల తరవాత ఓడ అడుగున ఇంజన్ల మోత మారింది. సరంగు కాళ్ళకి అది ముందు తెలిసింది. తీరం నుంచి కబురొచ్చిందని కుర్రాళ్ళు చెప్పుకున్నారు. పెద్ద అధికారి మర్నాడు పొద్దున్నే ఓడని చూడ్డానికి వస్తున్నాడు. పట్టుకున్న పడవని కూడా రేవులో నిలబెట్టి చూపించాలట. కెప్టెను వేగం పెంచాడు. గాలి కూడా తిరిగింది. అలలు ఎత్తు పెరిగాయి. మోకు అప్పటిదాకా నీళ్ళని తాకుతూ లేస్తూ ఉండేది, ఇప్పుడు ఇనుప కడ్డీలా బిగుసుకుంది. చుట్టిన కాన్వాసు లోంచి సన్నగా పొగలాంటిది వచ్చింది.

"సారూ, కొంచెం గట్టిగా లాగుతున్నారు. ముందు నీళ్ళెక్కుతున్నాయి," అన్నాడు అల్లుడు వాకీటాకీలో. గొంతులో ఇంకా మర్యాద ఉంది.

సరంగు పైన ఓడ నడిపే బ్రిడ్జికి ఫోను చేశాడు. కెప్టెనే ఎత్తాడు. సరంగుకన్నా పదేళ్ళు చిన్నవాడు, మంచివాడే. డెక్కు కుర్రాళ్ళ పిల్లల పేర్లు కూడా గుర్తుపెట్టుకుని అడుగుతాడు. తను చూస్తూనే ఉన్నాననీ, ఈ ఎగుడుదిగుడు దాటితే నీళ్ళు సర్దుకుంటాయనీ, కాస్త ఓపిక పట్టమని చెప్పమనీ అన్నాడు. సరంగు ఆ మాటే వెనక్కి చెప్పాడు.

రెండోసారి చేస్తే కెప్టెను కింద పనిచేసే రెండో ఆఫీసరు ఎత్తాడు. కెప్టెను గారు తీరంతో మాట్లాడుతున్నారు, అవగానే చెబుతానన్నాడు. సరంగు ఫోను పెట్టి చూసేసరికి పడవ ముక్కు అలలోకి దిగి, లేవడానికి ఆలస్యం చేసింది. లేచింది. మళ్ళీ దిగింది. ఆ పడవకి వెనక వైపు రేకు కప్పిన చిన్న గూడు ఉంది, చుక్కాని కొయ్య దాని కిందే. అల్లుడు కొయ్యకి భుజం ఆనించి, కాళ్ళు రెండూ పడవ చెక్కలకి తన్నిపట్టి, తలుపు నెడుతున్న మనిషిలా వంగి ఉన్నాడు.

దిమ్మె పక్కన గొడ్డలి ఉంటుంది. ప్రమాదం వస్తే మోకు నరకడానికే అది. కాని పైనుంచి మాట రాకుండా నరికితే నేరం. సరంగు చెయ్యి గొడ్డలి మీదికి పోయి, అక్కడే ఆగింది. ఎంతసేపు ఆగిందో తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా తేల్చుకోలేకపోయాడు.

"సారూ, మునుగుతోంది."

"వదిలెయ్. కొయ్య వదిలేసి బయటికి దూకు. నేను పడవ పంపిస్తాను. దూకు."

"వదిలితే తిరగబడిపోతుంది సారూ."

"తిరగబడనీ. నువ్వు దూకు. నీకు దణ్ణం పెడతాను, దూకు."

మరి జవాబు రాలేదు. ముక్కు ఈసారి దిగి పైకి రాలేదు. సరంగు గొడ్డలి ఎత్తి మోకు మీద వేశాడు. రెండో దెబ్బకి అది తెగి, విసిరిన పాములా గాలిలో లేచి నీళ్ళలో పడింది. అప్పటికే పడవ పక్కకి ఒరిగింది. రేకు గూడు నీళ్ళ మీద ఒక్క క్షణం బోర్లించిన తొట్టిలా కనిపించింది. దాని కింద ఎర్రగా జాకెట్టు, కొయ్యని కరుచుకున్న చెయ్యి కనిపించాయి. తరవాత నీళ్ళు కలిసిపోయాయి.

ఓడ ఆగింది, వెనక్కి తిరిగింది. సరంగు రబ్బరు పడవలో తనే వెళ్ళాడు. చీకటి పడేదాకా అక్కడక్కడే తిరిగారు. ఒక గంప, రెండు చెక్కలు, వల బెండ్లు దొరికాయి. మనిషి దొరకలేదు. జాకెట్టు ఉంది కదా, తేలాలి కదా అని కుర్రాళ్ళు ఒకరినొకరు అడుగుతున్నారు. తేల్చవలసిన జాకెట్టే అతన్ని ఆ రేకుకి అంటించి నొక్కి పట్టిందని సరంగుకి అర్థమైంది.

తిరిగి ఎక్కాక రెండో ఆఫీసరు సామాన్ల గది గడియ తీయించాడు. సరంగు అతని వెనకాల నిలబడ్డాడు, ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. లోపల నలుగురూ లేచి నుంచున్నారు. ఓడ ఆగడం, తిరగడం, పైన పరుగులు, అన్నీ వాళ్ళకి వినిపించే ఉంటాయి.

"మీవాడు పారిపోదామని దూకేశాడు," అన్నాడు రెండో ఆఫీసరు. "చుక్కాని వదిలేసరికి పడవ మునిగింది. వెతికాం. దొరకలేదు."

పెద్దాయన ఆఫీసరు ముఖం చూడలేదు. అతని భుజం మీదుగా సరంగు వైపు చూశాడు. సరంగు కళ్ళు దించుకున్నాడు. గడియ మళ్ళీ పడింది.

రేవుకి చేరాక రెండో ఆఫీసరు సరంగుని తన గదికి పిలిచి కుర్చీ చూపించాడు. ఇన్నేళ్ళ కొలువులో ఆ గదిలో సరంగు కూర్చోవడం అదే మొదలు. విచారణ ఉంటుందనీ, అది ఆనవాయితీయేననీ, భయపడవలసింది ఏమీ లేదనీ చెప్పాడు. ఆ అలల తుంపరలో, అంత దూరంలో, అతను దూకాడో పడ్డాడో ఎవరికి కనిపిస్తుంది అన్నాడు. తనకి కనిపించిందన్నాడు సరంగు. రెండో ఆఫీసరు కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"కెప్టెను గారు మీ గురించి మంచి మాట రాశారు. శిక్షణ బడికి మీ బదిలీ దాదాపు అయిపోయినట్టే. ఇక సముద్రం మీదికి వెళ్ళక్కర్లేదు. నేను ఇంకేం చెప్పను సరంగు గారూ?"

ఇంటికి వెళ్ళేసరికి భార్య కుట్టుమిషను ముందు కూర్చుని పక్కింటివాళ్ళ పరదాలు కుడుతోంది. శిక్షణ బడి దగ్గర ఇళ్ళు ఆమె అప్పటికే రెండుసార్లు చూసి వచ్చింది. ఏ గదిలో మంచం వెయ్యాలో, మిషను ఏ కిటికీ దగ్గర పెట్టాలో అన్నీ నిర్ణయమైపోయాయి. ఏళ్ళ తరబడి, గాలి గట్టిగా వీచిన ప్రతిసారీ లేచి కూర్చునే మనిషి ఆమె. భర్త ముఖం చూసి మిషను ఆపింది. అతను చెప్పిందంతా దారం చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ వింది.

"మీరు చెబితే ఆ పిల్లాడు లేచొస్తాడా?" అంది చివరికి.

"రాడు."

"పోనీ, ఎవరికి మేలు? ఆ ముసలాయనకా? కెప్టెనుకా? మనకా? ఒక్కరి పేరు చెప్పండి. ఆ తరవాత మీ ఇష్టం."

ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగానే పేరు కోసం ఎదురుచూసింది. అన్నం పెట్టింది, అతను కలిపాడు గాని ఎత్తలేదు. మెతుకులు కంచంలోనే ఆరిపోయాయి. కంచం తీస్తూ, "నా కోసమని మాత్రం నోరు మూసుకోకండి. ఆ పాపం నా నెత్తిన పెట్టకండి," అంది. విచారణ దాకా ఉన్న రెండు రోజులూ వాళ్ళిద్దరి మధ్యా మిషను చప్పుడే మాట్లాడింది.

విచారణ రేవు కార్యాలయంలో పై అంతస్తు గదిలో జరిగింది. పొడుగు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యనున్నాయన తెల్లజుట్టు అధికారి. ఎడమ పక్కన, వేరే రేవు నుంచి వచ్చిన వయసు తక్కువ ఆఫీసరు. గోడ పక్క బెంచీ మీద కెప్టెను, రెండో ఆఫీసరు, వాళ్ళకి దూరంగా పెద్దాయన. అతని మణికట్టుకి ఎవరో కట్టు కట్టారు. మిగతా ముగ్గురు కింద కాపలా గదిలో ఉన్నారు.

కెప్టెను తన కాగితం చదివాడు. గాలి, అలలు, తన వేగం అన్నీ ఉన్నవున్నట్టే చదివాడు. చివర్లో, పడవలోని మనిషి చుక్కాని వదిలి నీళ్ళలోకి దూకినట్టు తనకి తెలియజేశారు అన్నచోట గొంతు కొంచెం తగ్గింది. ఎవరు తెలియజేశారని ఎవరూ అడగలేదు.

తరవాత సరంగుని లేపారు. అతను రాత్రంతా మనసులో పేర్చుకున్న మాటలు బల్ల ముందుకొచ్చేసరికి చెదిరిపోయాయి. అయినా చెప్పాడు. పెద్దాయన ఉంటానంటే వద్దన్నది తనే అన్నాడు. రెండుసార్లు ఫోను చేశానన్నాడు. గొడ్డలి మీద చెయ్యి వేసి ఆగానన్నాడు. "దూకమని నేనే బతిమాలాను సార్. దూకి ఉంటే బతికేవాడు. అతను దూకలేదు," అని ముగించాడు. బెంచీ వైపు చూశాడు. కెప్టెను తన టోపీలోకి చూసుకుంటున్నాడు. పెద్దాయన సరంగు ముఖాన్నే చూస్తున్నాడు. ఇక భయం లేదు, తనవాడు పారిపోయేవాడు కాదని ఇప్పుడు ఆయన కూడా చెబుతాడు అనుకున్నాడు సరంగు.

తెల్లజుట్టు అధికారి పెద్దాయనని లేవమన్నాడు. నీకేం తెలుసో చెప్పమన్నాడు.

"దూకాడండి," అన్నాడు పెద్దాయన. "మావాడికి ముందునుంచీ తొందరెక్కువ. జైలంటే భయపడి దూకాడు. నేను చూశాను."

వయసు తక్కువ ఆఫీసరు తల ఎత్తాడు.

"నువ్వు గదిలో ఉన్నావు కదా. ఎక్కడ్నించి చూశావు?"

"గదిలోంచేనండి. కన్నం ఉంది."

ఆ గదికి గాలి గొట్టం తప్ప కన్నం లేదని కెప్టెనుకి తెలుసు, రెండో ఆఫీసరుకి తెలుసు. ఆ గది కట్టినప్పటినుంచీ దాని గోడలకి రంగు వేయిస్తున్న సరంగుకి తెలుసు. వయసు తక్కువ ఆఫీసరు ఇంకేదో అడగబోయి తెల్లజుట్టాయన వైపు చూశాడు. ఆయన గ్లాసు మీది మూత తీసి, నీళ్ళు తాగి, మూత పెట్టాడు. దుఃఖంలో ఉన్న మనిషిని ఇంతకన్నా అడగడం భావ్యం కాదన్నాడు. సరంగు మంచి నావికుడే గాని, తుంపరలో, కంగారులో, కన్ను పొరబడడం సహజం అన్నాడు. అందరూ లేచారు.

మెట్ల మీద రెండో ఆఫీసరు సరంగు పక్కనుంచే దిగి వెళ్ళాడు. ఒక్క మాట కూడా అనలేదు, పలకరించనూ లేదు. ఆ మౌనంలోనే బదిలీ ఇక లేదని తెలిసిపోయింది. ఆశ్చర్యంగా, సరంగుకి దానికి బాధ కలగలేదు. ముఖం మాత్రం ఎవరో చెంపమీద కొట్టి పోయినట్టు మండుతోంది. ఆ దెబ్బ ఆఫీసర్లు కొట్టింది కాదు.

రేవు గేటు దగ్గర వ్యాను నిలబడి ఉంది. పట్టుబడిన ముగ్గురూ లోపల ఎక్కి కూర్చున్నారు. పెద్దాయన ఇంకా ఎక్కలేదు. కాపలావాడితో ఏదో చెప్పి, గేటు గోడ నీడలో నిలబడ్డాడు. సరంగు తల వంచుకుని దాటిపోబోతే పిలిచాడు.

"తమ్ముడూ, ఆగు. నా మీద కోపంగా ఉందా?"

సరంగు ఆగాడు. "నువ్వు చూడలేదు కదా పెద్దాయనా," అన్నాడు.

"చూడలేదు." పెద్దాయన కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. "నిన్న మీవాళ్ళు వచ్చి మాట్లాడారు. దూకాడంటే కేసు ఉండదు, వీళ్ళని ఇవాళే పంపించేస్తామన్నారు. కాదంటే తేలేదాకా అందరం ఇక్కడే. అది ఎప్పటికి తేలుతుందో దేవుడికే తెలుసు. ఈ ముగ్గురూ నన్ను నమ్మి పడవెక్కారు. పోయినవాడు నా ఇంటివాడు. నా ఇంటివాడి పేరైతే నేను చెడగొట్టుకోవచ్చు. వీళ్ళ బతుకులు చెడగొట్టే హక్కు నాకు లేదు."

సరంగు తల ఊపాడు. ఎవరికి మేలని భార్య అడిగిన మాట గుర్తొచ్చింది.

"నువ్వు అక్కడ చెప్తుంటే నాకు సగమే చెవికెక్కింది," అన్నాడు పెద్దాయన. "తరవాత నేను ఆడాల్సిన అబద్ధమే మనసులో తిరుగుతోంది. ఇప్పుడు చెప్పు. వాడు ఎట్లా పోయాడు?"

సరంగు చెప్పాడు. పొద్దుటి నవ్వులు చెప్పాడు, వంటింట్లోంచి భార్య పిలిచే సంగతి చెప్పాడు. పెద్దాయన పెదవులు ఒకసారి నవ్వబోయి ఆగాయి. నీళ్ళెక్కుతున్నాయన్న మాట, ఫోను, మళ్ళీ ఫోను, గొడ్డలి మీద ఆగిన చెయ్యి, ఏదీ వదల్లేదు. దూకమంటే అల్లుడు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. జాకెట్టు ఉందిగా, మరి తేలలేదేమని పెద్దాయన అడిగాడు. రేకు కింద ఉండిపోయాడన్నాడు సరంగు. జాకెట్టు పైకి తోస్తుంటే రేకు అడ్డం పడిందన్నాడు.

పెద్దాయన గోడకి వీపు ఆనించాడు.

"కొయ్య వదల్లేదన్నమాట."

"వదల్లేదు."

"పిచ్చివెధవ," అన్నాడు పెద్దాయన మెల్లగా. "పడవదేముంది? చెక్కలే కదా."

అతను భుజం మీది గుడ్డతో ముఖం తుడుచుకుని, వ్యాను దగ్గరికి నడిచి, లోపలి ముగ్గురినీ దిగమన్నాడు. వాళ్ళు భయంభయంగా దిగారు. కాపలావాడు అడ్డుపడబోయి, పెద్దాయన ముఖం చూసి, గేటు అవతలికి తిరిగి నిలబడ్డాడు. ముగ్గురినీ సరంగు ఎదురుగా వరసగా నిలబెట్టాడు పెద్దాయన.

"మళ్ళీ చెప్పు తమ్ముడూ. మొదటినుంచీ. నేను ముసలాణ్ణి, దారిలో సగం మరిచిపోతాను. వీళ్ళు కూడా వింటే ఒకడికి జారిపోయింది ఇంకొకడి దగ్గర ఉంటుంది. ఇంటి దగ్గర మా అమ్మాయి అడుగుతుంది. దూకి పారిపోయాడని దానికి నేను చెప్పలేను."

వాళ్ళలో ఒకడు ఏదో అడగబోయాడు. పెద్దాయన చెయ్యెత్తి, మధ్యలో అడగవద్దన్నాడు. వ్యాను డ్రైవరు కాసేపు చూసి, ఇంజను ఆపేశాడు. సరంగు టోపీ తీసి చంకలో పెట్టుకుని, వాళ్ళు మోసుకుపోవడానికి వీలుగా, ఒక్కొక్క మాటే నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.